మాక్యులా జబ్బులో దేని పని దానిదే: ఇంజెక్షన్, మాత్ర, తిండి, అలవాట్లు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు వెలుతురును పట్టే పొర, దాని జబ్బుల గురించి చెప్పమన్నారు. అన్నీ ఒక గంటలో చెప్పబోతే ఏదీ చెప్పినట్టుండదు. షుగరు వల్ల వచ్చేది వేరు, పొర ఊడి రావడం వేరు, వంశంలో వచ్చేవి వేరు. అందుకని ఒక్కటే తీసుకుంటాను. యాభై దాటాక రెటీనా నడిమధ్య భాగమైన మాక్యులా క్షీణించడం. డాక్టరు చీటీ మీద ఏఎమ్‌డీ అని ఉంటుంది.

దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మందుకీ, తిండికీ, అలవాట్లకీ మూడింటికీ ఈ జబ్బులో నిజంగా పని ఉంది. ఒకదాని బదులు ఇంకోటి వాడి చూపు పోగొట్టుకునేది కూడా ఇందులోనే ఎక్కువ. వెంటనే ఇంజెక్షన్ పడాల్సిన కంటికి మాత్రలు మింగుతూ మూడు నెలలు గడిపేస్తారు. జబ్బే లేనివాళ్లు ముందుజాగ్రత్త అంటూ అవే మాత్రలు మింగుతారు. కాబట్టి ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది దేనికి పనికిరాదో అదే ఇవాళ చెప్తాను.

ముందు కంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మాక్యులా అంటే రెటీనా నడిమధ్యన సుమారు ఐదున్నర మిల్లీమీటర్ల వెడల్పున్న చోటు. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటి మనిషి ముఖం పోల్చుకోవడం అన్నీ దాని పనే. పక్కచూపు దాని పని కాదు. అందుకే ఈ జబ్బు ఎంత ముదిరినా మనిషి పూర్తి చీకట్లోకి పోడు. గుమ్మం తగలకుండా నడవగలడు, గుమ్మంలో నిలబడ్డది ఎవరో చెప్పలేడు.

వెలుతురును పట్టే కణాలు రోజూ తమ కొసలను కొంత కొంత రాలుస్తుంటాయి. ఆ రాలినదాన్ని మింగి అరిగించేది వాటి కిందనే ఉన్న ఒంటివరస నల్లపొర. వయసు మీదపడేకొద్దీ ఆ అరుగుదల మందగిస్తుంది. అరగకుండా మిగిలిన కొవ్వూ ప్రోటీనూ ఆ పొర అడుగున పసుపు రంగు గుట్టలుగా పేరుకుంటాయి. వీటినే డ్రూసెన్ అంటారు. 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉంటే వాటిని వయసు గుర్తులుగా వదిలేస్తాం. 63 నుంచి 125 దాకా ఉంటే మొదటి దశ. 125 దాటినవి ఉన్నా, నల్లపొర రంగులో మార్పులు కనిపించినా మధ్య దశ. ఇంతవరకూ చాలామందికి ఏ ఇబ్బందీ తెలియదు. మహా అయితే మసక వెలుతురులో చదవడం కష్టమవుతుంది, ఎండలోంచి ఇంట్లోకి వచ్చాక కళ్లు సర్దుకోవడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఆ తర్వాతది ముదిరిన దశ. దీనికి రెండు దారులు. నల్లపొర అక్కడక్కడ చచ్చి, ఆ మేర పైనున్న కణాలు కూడా పోతే అది డ్రై రకంలో ముదిరినది. ఏళ్ల తరబడి నెమ్మదిగా పాకుతుంది. రెండోది వెట్ రకం. కింది రక్తనాళాల పొరలోంచి కొత్త నాళాలు మొలుచుకొచ్చి, వాటి గోడలు బలహీనంగా ఉండి నీరూ రక్తమూ కారుతాయి. అడుగున నీరు ఊరితే పైన పరిచిన బండలు ఎగుడుదిగుడైనట్టు రెటీనా ఉబ్బుతుంది. అందుకే నిటారుగా ఉన్న గీత వంకరగా కనిపిస్తుంది. ఈ జబ్బున్నవాళ్లలో వెట్ రకం పదిమందికి ఒకరికో ఒకటిన్నర మందికో వస్తుంది. కానీ ఇంజెక్షన్లు రాకముందు చూపు బాగా పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువ మంది వీళ్లే. డ్రైకి సంవత్సరాలు పడితే దీనికి వారాలు చాలు.

అందుకని డాక్టరు దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న "నాకు ఏ దశ, రెండు కళ్లకీ విడివిడిగా చెప్పండి" అనేది. ఒక కన్ను మధ్య దశలోనూ, రెండోది వెట్‌లోనూ ఉండటం మామూలే. ఆ జవాబు తెలియకుండా మాత్ర గురించి అడగటంలో అర్థం లేదు.

ఇప్పుడు ఇంట్లో చేసుకునే పరీక్ష. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే గళ్ల కాగితం చాలామంది ఇళ్లలో ఉంటుంది, సరిగ్గా చూసేవాళ్లు తక్కువ. దీన్ని ఆమ్‌స్లర్ గ్రిడ్ అంటారు. పక్కకు పది సెంటీమీటర్లు, నిలువుకు పది, లోపల ఐదేసి మిల్లీమీటర్ల గళ్లు, మొత్తం 400 గళ్లు, మధ్యలో ఒక చుక్క. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకోండి. మంచి వెలుతురులో కాగితాన్ని కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. ఒక కంటిని అరచేత్తో మూయండి, వేళ్ల సందుల్లోంచి కనపడకూడదు, కనుగుడ్డును నొక్కకూడదు. తెరిచిన కంటితో మధ్య చుక్కనే చూస్తూ ఉండండి. చూపు కదల్చకుండానే నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా? ఏ గీతైనా వంగిందా? ఏ గడైనా చిన్నదైందా, మసకబారిందా, మాయమైందా? తర్వాత రెండో కన్ను.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మొదటిది రెండు కళ్లూ తెరిచి చూడటం. మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని పూర్తిగా కప్పేస్తుంది. ఒక కన్ను సగం పోయినా నెలలపాటు తెలియకపోవడానికి కారణం ఇదే. రెండోది చుక్కను వదిలేసి గీతల వెంట చూపు పరిగెత్తించడం. అప్పుడు ప్రతి గీతా తిన్నగానే కనిపిస్తుంది, ఎందుకంటే దెబ్బతిన్న చోటి నుంచి మీరు తప్పుకుంటున్నారు. మూడోది దూరపు చూపు అద్దాలతో చూడటం. రెండు పవర్లూ ఉన్న అద్దాలైతే కింది భాగంలోంచి చూడాలి.

ఇప్పటికే వంకర ఉన్నవాళ్లు ఆ వంకరను కాగితం మీద పెన్సిల్‌తో గీసి పక్కన తేదీ వేసుకోండి. మనకు కావాల్సింది "వంకర ఉందా" అని కాదు, "నిన్నటికన్నా మారిందా" అని. మధ్య దశలో ఉన్నవాళ్లూ, ఒక కంటికి వెట్ వచ్చినవాళ్లూ రోజూ చూసుకుంటే మేలు. పళ్లు తోముకున్నాక చూడాలని పెట్టుకుంటే మరిచిపోరు. కాగితం దగ్గర లేకపోతే తలుపు చట్రం, కిటికీ ఊచలు, నేల మీద గచ్చు పలకల గీతలు కూడా పనికొస్తాయి. మార్పు కనిపిస్తే ఆ వారం లోపలే రెటీనా డాక్టరుకు చూపించుకోవాలి. వచ్చే నెల అపాయింట్‌మెంట్ ఉంది కదా అని ఆగకూడదు. ఫోన్ చేసి "గీతలు కొత్తగా వంకరగా కనిపిస్తున్నాయి" అని ఆ మాటలే చెప్పండి. "చూపు మసకగా ఉంది" అంటే శుక్లమేమో అనుకుని తేదీ ఆలస్యంగా ఇస్తారు.

ఇంకో మాట. గ్రిడ్ బాగుంది కాబట్టి కన్ను బాగుందని అనుకోవద్దు. చిన్న ఊట దానికి దొరకదు, మచ్చ పడ్డ చోటును మెదడు తనంతట తానే పూడ్చేసి చూపిస్తుంది. అందుకే ఓసీటీ స్కాన్ తప్పదు. అందులో సూది లేదు, నొప్పి లేదు, గడ్డం ఆనించి ఓ నిమిషం చూస్తే చాలు, రెటీనా పొరలు అడ్డంగా కోసి చూపినట్టు కనిపిస్తాయి. నీరు ఎక్కడుందో, ఎంతుందో అందులోనే తేలుతుంది.

వెట్ రకానికి ప్రధానంగా వాడేది ఒకే తరహా మందు. వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ కొత్త నాళాలను మొలిపిస్తుంది, దాన్ని అడ్డుకునే మందును కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. రానిబిజుమాబ్ 2006లోనూ, అఫ్లిబెర్‌సెప్ట్ 2011లోనూ, ఫారిసిమాబ్ 2022లోనూ అమెరికాలో అనుమతి పొందాయి. బెవాసిజుమాబ్ అసలు పెద్దపేగు క్యాన్సర్ మందు, 2004 నాటిది. దాన్నే చిన్న మోతాదులో కంటికి వాడుతున్నారు. ఒకే షెడ్యూలు ప్రకారం ఇస్తే ఏడాది చివర బెవాసిజుమాబ్‌కూ రానిబిజుమాబ్‌కూ చూపులో తేడా లేదని 2011లో కాట్ అనే పెద్ద పరీక్ష తేల్చింది. ఒక సీసాలోంచి చాలా సిరంజిలు నింపుతారు కాబట్టి ఆ నింపే చోట శుభ్రత ఎలా ఉందన్నదే బెవాసిజుమాబ్‌తో అసలు ప్రశ్న. అది అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

ఫలితం ఎంత? 2006లో అచ్చయిన మెరీనా పరీక్షలో నెలనెలా రానిబిజుమాబ్ వేయించుకున్నవాళ్లలో ఏడాది తర్వాత వందకు 94 మందికి చూపు నిలబడింది, అంటే చార్టు మీద 15 అక్షరాలు పోగొట్టుకోలేదు. మూడో వంతు మందికి 15 అక్షరాలు పెరిగింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ పడ్డవాళ్లలో నిలబడింది వందకు 62 మందికే. అయితే మొదటి ఇంజెక్షన్ నాటికి చూపు ఎంత మిగిలి ఉందన్నది చివరి చూపును చాలావరకు నిర్ణయిస్తుంది. గళ్ల కాగితం గురించి అంతసేపు చెప్పింది అందుకే.

కంట్లో సూది అంటేనే భయం. ఏం చేస్తారో తెలిస్తే సగం తగ్గుతుంది. మొదట మొద్దుబారే చుక్కలు వేస్తారు. తర్వాత పోవిడోన్ అయోడిన్ ద్రావణంతో కంటినీ రెప్పలనూ కడుగుతారు, ఇన్ఫెక్షన్‌ను ఆపేది ప్రధానంగా ఇదే. రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్ పెడతారు. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల అవతల తెల్లగుడ్డులోంచి సన్నటి సూది పోతుంది. మందు ఎక్కువగా 0.05 మిల్లీలీటరే. సూది లోపల ఉండేది కొన్ని క్షణాలు. మీరు చేయాల్సింది తల కదపకుండా చెప్పిన వైపు చూడటం, మాట్లాడకుండా ఉండటం. నోట్లోంచి తుంపర పడకూడదు కాబట్టే మాట్లాడవద్దంటారు. గత మూడు నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే, కంట్లో ఎరుపో పుసులో ఉంటే ముందే చెప్పాలి. రక్తం పల్చబరిచే మాత్రలు సాధారణంగా ఆపక్కర్లేదు. మీ అంతట మీరు అసలు ఆపొద్దు.

ఆ సాయంత్రం కంట్లో ఇసుక పడ్డట్టు గరగర ఉంటుంది. అది అయోడిన్ మంట. కృత్రిమ కన్నీటి చుక్కలు వేసుకుంటే మర్నాటికి తగ్గుతుంది. తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చ పడొచ్చు, చూడ్డానికి భయంగా ఉన్నా ఒకటి రెండు వారాల్లో పోతుంది. ఒకటి రెండు రోజులు గుండ్రటి బుడగలు తేలుతున్నట్టు కనిపిస్తే గాలి బుడగలే. కొన్ని రోజులు కన్ను నలపకండి, ఈతకు వెళ్లకండి. భయపడాల్సింది వేరే ఉంది. రెండో రోజు నుంచి వారం లోపు నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, ఎరుపు ఎక్కువవుతుంటే, వెలుతురు చూడలేకపోతుంటే, చూపు పడిపోతుంటే లోపల ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. రెండు మూడు వేల ఇంజెక్షన్లకు ఒకసారి వస్తుంది. వస్తే గంటల లెక్క. అర్ధరాత్రయినా బయలుదేరాలి. పొద్దున చూద్దాం అనుకోకూడదు.

ఇక షెడ్యూలు. మొదట నెలకొకటి చొప్పున మూడు. తర్వాత నీరు ఆరిపోతే రెండేసి వారాలు పెంచుతూ పోతారు. ఆరు వారాలు, ఎనిమిది, పది, పన్నెండు. కొన్ని మందులతో పదహారు దాకా. మధ్యలో నీరు తిరిగొస్తే ఒక మెట్టు వెనక్కి తగ్గిస్తారు. ఇది వైఫల్యం కాదు, మీ కంటికి ఆ మందు ఎన్ని వారాలు పనిచేస్తుందో కనిపెట్టే పద్ధతి. వైఫల్యం ఎక్కడంటే, మూడు పడ్డాక చూపు బాగుపడింది కదా అని మానేయడంలో. మందు కొన్ని వారాల్లో కంట్లోంచి పోతుంది, వీఈజీఎఫ్ తయారవడం మాత్రం ఆగదు. మళ్లీ కారుతుంది, మళ్లీ ఉబ్బుతుంది, ఈసారి కింద మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట ఇక ఏ ఇంజెక్షనూ పనిచేయదు. చాలామందికి ఇది ఏళ్ల తరబడి సాగే వైద్యం. మొదటి రోజే ఈ మాట చెప్పని డాక్టరు రోగికి మేలు చేసినట్టు కాదు.

డ్రై రకంలో ముదిరిన దశకు 2023లో అమెరికాలో రెండు ఇంజెక్షన్లు వచ్చాయి, పెగ్సెటాకోప్లాన్, అవాసిన్‌కాప్టాడ్. పోయిన చూపును తేవు, పాకడాన్ని కొంత నిదానిస్తాయి, వెట్ రకం వచ్చే అవకాశాన్ని కాస్త పెంచుతాయి. నెలకో రెండు నెలలకో సూది పడి ఆ కాస్త ప్రయోజనం అందరికీ గిట్టుబాటు కాదు.

మాత్రలకు వద్దాం. ఈ మాత్ర పుట్టింది 2001లో ఫలితాలు వెలువడిన ఏరెడ్స్ పరీక్షలోంచి. 2013లో రెండో పరీక్ష దాన్ని సవరించింది. ఇప్పుడు ఉండాల్సిన పాళ్లు రోజు మొత్తానికి ఇవి. విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఈ 400 యూనిట్లు, లూటీన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంతిన్ 2 మిల్లీగ్రాములు, జింక్ 80 మిల్లీగ్రాములు, రాగి 2 మిల్లీగ్రాములు. డబ్బా మీద కన్ను బొమ్మ ఉంటే చాలదు, వెనక్కి తిప్పి ఈ అంకెలు సరిచూసుకోండి. చాలావాటిలో లూటీన్ పేరు పెద్దదిగా ఉంటుంది, జింక్ ఐదో పదో ఉంటుంది. మొదటి పరీక్షలో మధ్య దశవాళ్లూ, ఒక కన్ను ముదిరినవాళ్లూ తీసుకుంటే ఐదేళ్లలో ముదరడం వందకు 28 మంది నుంచి 20 మందికి తగ్గింది. తక్కువేం కాదు, గొప్పగా చెప్పుకునేదీ కాదు. జబ్బు లేనివాళ్లకూ, మొదటి దశవాళ్లకూ ప్రయోజనం కనిపించలేదు. కారుతున్న నీటిని ఈ మాత్ర ఆపదు. ఆ పని ఇంజెక్షన్‌ది.

పాత మాత్రలో బీటా కెరొటీన్ ఉండేది. పొగతాగేవాళ్లకూ, ఎప్పుడో మానేసినవాళ్లకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును అది పెంచుతుందని తేలడంతో తీసేసి లూటీన్ పెట్టారు. అయినా పాత కూర్పు ఇంకా అమ్ముతున్నారు, చూసి కొనండి. జింక్ 80 మిల్లీగ్రాములంటే పెద్దవాళ్లకు రోజూ కావాల్సినదానికి ఎన్నో రెట్లు. ఖాళీ కడుపున వేస్తే వికారం, వాంతి. భోజనం మధ్యలో, రెండు పూటలకు పంచి వేసుకోండి. అంత జింక్ రాగిని ఒంటికి పట్టనివ్వదు, రక్తహీనత వస్తుంది. 2 మిల్లీగ్రాముల రాగి కలిపింది అందుకే. పక్కన ఇంకో మల్టీవిటమిన్ వాడుతుంటే జింక్ రెట్టింపు కాకుండా చూసుకోండి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లతో కలిపి వేస్తే జింక్ వాటిని కడుపులోనే పట్టేస్తుంది. అప్పుడు కొన్ని గంటల ఎడం ఉండాలి.

తిండి విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఏ ఒక్క పదార్థం ఈ జబ్బును నయం చేయదు. తిండి తీరు మొత్తం మీద ముదరడం నెమ్మదించవచ్చు. ముదురాకుపచ్చ ఆకుకూరలు ముందు వరస. వండిన పాలకూర వంద గ్రాముల్లో లూటీన్, జియాజాంతిన్ రెండూ కలిపి 11 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. గుడ్డు సొనలో పావు మిల్లీగ్రామే, కానీ కొవ్వుతో పాటు ఉంటుంది కాబట్టి ఒంటికి బాగా పడుతుంది. లూటీన్ నూనెలో కరిగేది. ఆకును నీళ్లలో ఉడికించి నూనె లేకుండా తింటే చాలావరకు వృథా. ఒక చెంచా నూనె చాలు. మొక్కజొన్న, నారింజ రంగు క్యాప్సికంలలో జియాజాంతిన్ దొరుకుతుంది. వారానికి రెండుసార్లు చేప తినేవాళ్లలో ఈ జబ్బు తక్కువగా కనిపించింది. కానీ చేపనూనె క్యాప్సూళ్లను రెండో ఏరెడ్స్‌లో ఇచ్చి చూస్తే అదనపు లాభం రాలేదు. పప్పులు, గింజలు, పళ్లు, ముడి ధాన్యాలు పెంచి, వేపుళ్లూ తీపీ తగ్గిస్తే గుండెకూ కంటికీ ఒకేసారి పనవుతుంది.

రక్తం పల్చబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూర ఒక్కసారిగా పెంచకూడదు, మానకూడదు, రోజూ ఒకే మోతాదుగా తినాలి. అందులోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. కిడ్నీ జబ్బుండి పొటాషియం తగ్గించమన్నవాళ్లు తమ డాక్టరునడిగి తినాలి. క్యారెట్ సంగతి అడుగుతారు. విటమిన్ ఎ లోపించిన వాళ్ల రేచీకటికి అది మందు, ఈ జబ్బుకు కాదు.

అలవాట్లలో అన్నిటికన్నా పెద్దది పొగ. తాగేవాళ్లకు ఈ జబ్బు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. మానేసిన దగ్గర్నుంచి ముప్పు తగ్గుతూ వస్తుంది, ఎనభై ఏళ్ల వయసులో మానినా లాభమే. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే. బీపీ అదుపు, రోజూ నడక, బరువు. ఎండలో నల్లద్దాలు పెట్టుకోండి, హాయిగా ఉంటుంది, ఇంతకన్నా పెద్ద హామీ ఇవ్వలేను. ఫోన్ తెర నీలికాంతి మాక్యులాను దెబ్బతీస్తుందనడానికి ఆధారం లేదు. నీలికాంతిని ఆపే అద్దాలకు పెట్టే డబ్బుతో మంచి చదువుకునే దీపం కొనుక్కోవచ్చు.

దీపం మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మాక్యులా దెబ్బతిన్న కంటికి వెలుతురు ఎక్కువ కావాలి. పైకప్పు లైటు పెంచడం కన్నా వంచే దీపాన్ని కాగితం దగ్గరికి తేవడం నయం. దూరం సగం చేస్తే పడే వెలుతురు నాలుగింతలవుతుంది. బల్బు కంట్లో పడకుండా, బాగా కనిపించే కంటి వైపు నుంచి పెట్టండి. మధ్యలో మచ్చ ఉంటే చూడాల్సినదానికి కాస్త పైకో పక్కకో చూపు పెట్టి పక్కచూపుతో చదవడం నేర్చుకోవచ్చు. చూపు తగ్గినవాళ్లకు సాయపడే లో విజన్ నిపుణులు నేర్పిస్తారు, వారాల సాధన కావాలి. మెట్ల అంచులకు కాంట్రాస్టు రంగు పట్టీ వేయండి, తెల్ల కప్పులో కాఫీ, నల్ల కప్పులో పాలు పోసుకోండి, ఎక్కడిదాకా నిండిందో కనిపిస్తుంది.

ఒక విషయం ఇంట్లోవాళ్లు వినాలి. చూపు బాగా తగ్గినవాళ్లకు కొందరికి లేని మనుషులు, పూల డిజైన్లు, చిన్న చిన్న ఆకారాలు కనిపిస్తాయి. మతి పోతోందేమోనని భయపడి ఎవరికీ చెప్పరు. 1760లోనే స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త చార్ల్స్ బోనే తన తాతగారి విషయంలో ఇది రాశాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. కంటి నుంచి సమాచారం రాకపోతే మెదడు సొంతంగా బొమ్మలు వేస్తుంది. కనిపిస్తాయి గానీ మాట్లాడవు, అవి నిజం కావని వాళ్లకే తెలుసు. అప్పుడు కళ్లు అటూ ఇటూ తిప్పడం, లైటు వేయడం చేస్తే చాలాసార్లు పోతాయి. "ఏమైనా కనిపిస్తున్నాయా" అని మీరే అడగండి.

ప్రశ్నలు రాసి పంపారు, రెండు చూస్తాను. శుక్లం ఆపరేషన్ చేయించుకోవచ్చా అని ఒకరు. చేయించుకోవచ్చు. వెట్ ఉంటే ముందు నీరు ఆరాలి, ఆపరేషన్‌కు ముందు ఓసీటీ తీయాలి. శుక్లం తీసినంత మాత్రాన మధ్య మచ్చ పోదని ముందే తెలుసుకుని వెళ్లండి.

ఒక కంటికి వెట్ వచ్చింది, రెండో కంటికి ముందుగానే ఇంజెక్షన్ వేయించవచ్చా అని ఇంకొకరు. వద్దు. ఆ కంటికి మాత్రలూ, రోజూ గళ్ల కాగితమూ. ఇంజెక్షన్‌కు వెళ్లినప్పుడల్లా వైద్యం జరుగుతున్న కంటితో పాటు మంచి కంటికి కూడా ఓసీటీ తీయమని అడగండి. మీ పిల్లలకూ తోబుట్టువులకూ యాభై దాటాక ఒకసారి కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేయించి రెటీనా పరీక్ష చేయించండి. ఆ రోజు వాళ్లు బండి నడపకూడదు, తోడు ఎవరైనా ఉండాలి.